గడప దగ్గర చెంబెడు నీళ్ళు

గోమేధికపురంలో బల్లుల మేడ మీద గంట మోగిందంటే, ఆ పూట ఎవరింటి తలుపో విరగబోతోందని అర్థం. గంట విన్నవాళ్ళు విన్నచోటే బిగుసుకుపోతారు. అన్నం కలుపుతున్న చేయి కంచంలోనే ఆగిపోతుంది. "మన వీధి కాకపోతే చాలు" అని లోలోపల అనుకుంటారే గాని పైకి అనరు. గోడ మీద బల్లి వింటుంది మరి!

ఆ రోజు మిట్టమధ్యాహ్నం గంట మోగింది. కోట వాకిట గుర్రానికి గుగ్గిళ్ళు పెట్టిస్తున్న కొత్వాలు మల్లసేనుడు ఒక్క గంతులో జీనుమీదికెక్కాడు. గానుగ వీధిలో పుట్టి, కండబలంతో, నిజాయితీతో కొత్వాలు పదవి దాకా ఎదిగిన మనిషి. తలమీద కుంకుమరంగు పట్టు తలపాగా, నడుముకు పిడిబాకు. బల్లుల్ని మేపే మాంత్రికుడి శిష్యుడు కర్కోటుడు మేడ మెట్లు దిగి పరుగున వచ్చాడు. వాడి చేతిలోని స్ఫటికపు పెట్టెలో తెల్లటి బల్లి ఒకటి ఉంది. అది తల ఎటు తిప్పితే అటే దారి.

"కొత్వాలుగారూ! పసివాడి ఏడుపు! పసిపిల్లలు లేని ఇంట్లో వినిపించింది!"

మల్లసేనుడు కళ్ళెం అందుకున్నాడు. "చిన్నదొరేనా?"

"ఇంకెవరు? పదండి, మళ్ళీ చేజారిపోతాడు!"

భటులు గొడ్డళ్ళెత్తుకుని వెంటబడ్డారు. గుర్రాలు రాజవీధిలో దుమ్ము రేపుతూ పరుగెత్తాయి. తేనెరంగు గోమేధికాలు తాపిన బురుజులు, ఎండ పడితే కరిగి కారుతాయేమో అనిపించే శిఖరాలు, పన్నీరు చిమ్మే పాలరాతి హంసలు, పట్టు తెరలు వేలాడే చంద్రశాలలు... చూడ్డానికి రెండు కళ్ళూ చాలని నగరం. అంతటి నగరమూ ఇప్పుడు మూగదైపోయింది. అత్తాకోడళ్ళు సైగలతో పోట్లాడుకుంటున్నారు. కొత్తగా పెళ్ళయినవాళ్ళు నాలుగు ముద్దుమాటలు చెప్పుకోవాలంటే ఊరి బయటి మామిడితోపుకు పోయేవారు. అక్కడా చెట్టుకో బల్లి ఉందని తెలిశాక అదీ మానేశారు.

ఇదంతా బంగారు తొట్టెలో నిద్రపోతున్న పసి రాకుమారుడు, అదే చిన్నదొర, మాయమైన నాటి నుంచి మొదలైంది. వసుమిత్ర మహారాజు తిండి మానేశాడు. మహారాణి మంచం పట్టింది. అదే అదనుగా, మోకాళ్ళ దాకా జడలు వేలాడే గౌళీనాథుడనే మాంత్రికుడు కొలువుకు వచ్చాడు. రెప్పవేయని కళ్ళు వాడివి. "మహారాజా, నగరంలో ప్రతి గోడమీదా నా బల్లి ఒకటి ఉండనివ్వు. విన్నది విన్నట్టు వచ్చి నా మేడలో వల్లిస్తాయి. బిడ్డ ఏ మూల ఏడ్చినా నాకు తెలుస్తుంది" అన్నాడు. బిడ్డ కోసం అల్లాడుతున్న తండ్రి కాదంటాడా? సరేనన్నాడు.

కాని ఆ రాజ్యంలో తాతల నాటి కట్టుబాటు ఒకటి ఉంది. రాజభటులు ఎవరింటిని సోదా చెయ్యాలన్నా, ముందు ఆ ఇంటివాళ్ళు భటులను సోదా చెయ్యాలి. దాన్ని ఎదురు సోదా అనేవారు. భటుడు గడప అవతల నిలబడి తలపాగా విప్పి ఇవ్వాలి, నడికట్టు దులపాలి, చేతులు చాపితే ఇంటి ఇల్లాలు చెంబుతో నీళ్ళు పోస్తుంది. ఆ తరువాతే లోపలికి అడుగు. తీరా ఏదైనా దొరికితే, దానికి మొదటి సాక్షి ఆ ఇల్లాలే.

ఆ కట్టుబాటు తీసెయ్యమని అడిగింది ఎవరో కాదు, మన మల్లసేనుడే! "ప్రభూ! మేము గడప దగ్గర తలపాగాలు విప్పుతూ కూర్చుంటే దొంగ పెరటిదారిన పోతున్నాడు. ఏ తప్పూ చెయ్యనివాళ్ళకు భయమెందుకు?" అన్నాడు. రాజు ఒప్పుకున్నాడు. గౌళీనాథుడు ఆనందం పట్టలేక కుంకుమరంగు తలపాగా ఒకటి తెప్పించి, నిండు కొలువులో తన చేత్తోనే కొత్వాలు తలకు చుట్టాడు. "రాకుమారుడు దొరికేదాకా దీన్ని విప్పకు. విప్పితే దీక్ష చెడుతుంది" అన్నాడు. ఆనాటి నుంచి మల్లసేనుడు పడుకునేటప్పుడు కూడా దాన్ని తీయలేదు. అప్పుడప్పుడూ మాడు దగ్గర జివ్వుమని ఏదో పాకినట్టుండేది. చెమట కాబోలు అనుకునేవాడు.

స్ఫటికపు పెట్టెలో బల్లి తల తిప్పింది. గుర్రాలు గానుగ వీధిలోకి తిరిగాయి. మల్లసేనుడు తనలో తను నవ్వుకున్నాడు. మా వీధిలో దొంగలా? ఈ బల్లికి మతి పోయినట్టుంది! ఆ నవ్వు పెదవిమీద ఉండగానే గుర్రాలు ఆగాయి. ఎదురుగా నీలంరంగు తలుపులు, గడపకు పసుపు, పక్కన మెరిసే ఇత్తడి చెంబు.

అది వాళ్ళమ్మ ఓబుళమ్మ ఇల్లు.

"ఏరా మల్లా, ఈ వేళప్పుడొచ్చావు? అన్నం తిన్నావా?" అంటూ బయటికొచ్చిన ఓబుళమ్మ, వెనకాల గొడ్డళ్ళు చూసి నుదురు ముడిచింది. "ఇంతమందిని వెంటేసుకొచ్చావేంట్రా?"

"అమ్మా, పక్కకు జరుగు. రాజాజ్ఞ."

"జరుగుతాలే. ముందు తలపాగా విప్పు. చేతులు పట్టు, నీళ్ళు పోస్తా."

"ఆ కట్టుబాటు తీసేశారు కదమ్మా!"

"తీసేసింది మీరు. నేను తీసెయ్యలా. ఈ వీధిలో ఎవరమూ తీసెయ్యలా. అందుకే చెంబు గడపలోంచి కదలనివ్వట్లేదు. కన్నకొడుకువైనా సరే, సోదాకి వచ్చినోడివి అవతల నిలబడి చేతులు చాపాల్సిందే."

భటుల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. మల్లసేనుడికి ఒళ్ళు మండింది. పది మందిలో పరువు పోతే కొత్వాలును ఎవరు లెక్కచేస్తారు? "ఏ తప్పూ చెయ్యనివాళ్ళకు భయమెందుకమ్మా?" అంటూ ఆమెను తప్పించుకుని గడప దాటాడు. కాలు తగిలి చెంబు దొర్లింది. నీళ్ళు వాకిలంతా పారాయి.

సరిగ్గా అప్పుడే లోపల పసివాడు కెవ్వుమన్నాడు.

అందరూ కొయ్యబారిపోయారు. మల్లసేనుడు వంటింట్లోకి దూకాడు. ఏడుపు అక్కడే వినిపించింది. అటక కిందికి పోతే అక్కడే, ధాన్యపు బాన దగ్గరికి పోతే అక్కడే! బాన మూత విసిరికొట్టి తల లోపలికి దూర్చాడు. ఏడుపు చెవులు గింగురుమనేలా మోగింది. చేత్తో వడ్లు కెలికాడు. చేతికేదో తగిలింది. పైకి తీశాడు.

బంగారు కాలిగజ్జె! రాజముద్ర ఉంది. ఒక మువ్వ ఊడిపోయింది. చిన్నదొర పాదానికి దాన్ని తను ఎన్నిసార్లు చూశాడో!

ఏడుపు ఆగిపోయింది. బానలో వడ్లు తప్ప ఇంకేమీ లేవు. మల్లసేనుడి కళ్ళు బైర్లు కమ్మాయి. ఇంకెవరు తీసి చూపించినా నమ్మేవాడు కాదు. తీసింది తన చేయే, ఏం చేస్తాడు?

"ఒరేయ్ మల్లా," అంది ఓబుళమ్మ. "నువ్వొచ్చేదాకా ఇంట్లో ఏ చప్పుడూ లేదురా. ఆ ఏడుపు నీ వెంటే లోపలికొచ్చింది. నీతోటే తిరిగింది."

కర్కోటుడు పకపకా నవ్వాడు. "ముసలిదానికి మతి చలించింది. కట్టండి!"

కొలువులో విచారణ ఎంతోసేపు సాగలేదు. "ఆభరణం తీసిందెవరు?" అని రాజు అడిగాడు. "నేనే ప్రభూ" అన్నాడు మల్లసేనుడు. "ఎదురు సోదా జరిగిందా?" అని వృద్ధమంత్రి అలవాటుగా అడిగి, అది లేదని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. మహారాజు ఆ గజ్జెను గుండెకు హత్తుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "పొద్దు కుంకేలోగా నా బిడ్డను ఎక్కడ దాచిందో చెప్పకపోతే మొసళ్ళ కందకంలో తోయించండి" అన్నాడు. ఓబుళమ్మ రాజు వైపు చూడలేదు. కొడుకు తలపాగా వైపే చూస్తూ పోయింది.

మల్లసేనుడు కోట బయటికొచ్చి గోడకు ఒరిగాడు. పొద్దు అప్పుడే పడమటి బురుజు వైపు వాలుతోంది. అమ్మ చెయ్యలేదు. అది ఊపిరి పీల్చుకున్నంత నిజం. అయితే ఏడ్చిందెవరు? ఏడుపు వినిపించిందని చెప్పింది బల్లుల మేడ. కాబట్టి ముందు ఆ మేడనే చూడాలి.

అనుకున్నదే తడవు, మేడ బల్లులకు మేతగా పురుగుల బుట్ట మోసుకుపోతున్న మేపరి ఒకణ్ణి సందులో పట్టుకున్నాడు. వాడి నల్లగొంగళి తన తలపాగా మీదుగా ముసుగేసుకుని, బుట్ట భుజానికెత్తుకుని, నడుము వంచి నడిచాడు. వాకిట ఇనుపకోరల వేటకుక్కలు వాసన చూసి వదిలేశాయి. మెట్ల మలుపులో కత్తుల చక్రం గిర్రున తిరుగుతోంది. బుట్టను దాని కింద తోసి, అది నలిగి చక్రం తడబడిన క్షణంలో అటువైపు దూకాడు. గొంగళి అంచు తెగి పడింది గాని తల దక్కింది.

పైన తలుపు తోసేసరికి మల్లసేనుడి ఒళ్ళు జలదరించింది.

ఆకాశమంత ఎత్తు గుమ్మటం. గోడ అనేది కనబడకుండా బల్లులు! ఆకుపచ్చవి, పసుపువి, పగడాల రంగువి, వజ్రాల్లా మెరిసే కళ్ళవి. ఒక్కొక్కటీ నోరు తెరిచి మనిషి గొంతుతో మాట్లాడుతోంది. "అమ్మా, నాకీ పెళ్ళి వద్దే" అని ఒక పిల్ల గొంతు. "ఈ దగ్గు సంగతి పిల్లలకు చెప్పకు" అని ఒక ముసలాయన. తన ఉపసేనాని చెన్నుడి గొంతు ఒకటి, దేవుడి ముందు వెక్కివెక్కి ఏడుస్తోంది. ఎవరో కొత్తకోడలు ఆకలేస్తోందని గోడకు చెప్పుకుంటోంది. దొంగతనం మాట ఒక్కటీ లేదు. ఊరి గుండెల్లో దాచుకున్నదంతా ఇక్కడ గోడల మీద పాకుతోంది. గడపల దగ్గర అడ్డు తీయించి, దీనికి తాళం చెవి ఇచ్చింది తనే! సిగ్గుతో మల్లసేనుడికి చెవులు కాలిపోయాయి.

అంతలో ఒక బల్లి కెవ్వుమంది. పసివాడి ఏడుపు. పక్కదీ అలాగే ఏడ్చింది. ఆ పక్కదీ! అమ్మ ఇంట్లో విన్నదీ ఇదే, రాగం కూడా మారలేదు. బల్లి విన్నది వల్లిస్తుంది, ఎక్కడ విన్నదో చెప్పదు. "అయితే ఇవి ఆ ఏడుపును ఎక్కడ విన్నాయి?" అని పైకే అనేశాడు.

"ఇక్కడే!" అన్నదొక గొంతు.

గుమ్మటం మధ్య తెర తొలగింది. గౌళీనాథుడు నిలబడి ఉన్నాడు. చంకలో చిన్నదొర! "రా కొత్వాలూ. గొంగళి తీసెయ్. నువ్వు బుట్ట ఎత్తుకున్నప్పుడే తెలుసు నాకు."

"ఎలా తెలుసురా నీకు? బిడ్డనెందుకు ఎత్తుకొచ్చావు?"

"బిడ్డ నాకెందుకు? వీడు పోతేనే కదా ఈ ఊళ్ళో తలుపులన్నీ తెరుచుకున్నాయి! గానుగ వీధి తలుపులు మాత్రం మీ అమ్మ చెంబును చూసి మొండికేశాయి. ఇప్పుడా చెంబు కూడా దొర్లింది."

మల్లసేనుడు బాకు దూసి మీదికి ఉరికాడు. "ఎడమనుంచి వస్తున్నాడు" అని ఎవరో చెవిలో చెప్పినట్టుగా మాంత్రికుడు ముందే తప్పుకున్నాడు. కుడికి తిరిగితే అప్పటికే అక్కడ కర్కోటుడు శూలంతో సిద్ధంగా ఉన్నాడు. ఏ వైపు కదిలినా ఆ కదలిక వాళ్ళకు ముందే తెలుస్తోంది. మల్లసేనుడు శూలాన్ని ఒడిసిపట్టి కర్కోటుణ్ణి గోడకేసి కొట్టేలోపు, గౌళీనాథుడు బిడ్డతో సహా సొరంగంలోకి జారిపోయాడు. వెనక ఇనుపతలుపు ధడేలున పడింది.

మల్లసేనుడు కిటికీ పట్టుతెర చింపి, దాన్ని పట్టుకుని మేడమీంచి జారాడు. సొరంగం సాలె వీధిలో తేలుతుందని కొత్వాలుగా అతనికి తెలుసు. చెన్నుణ్ణీ భటులనూ కేకేసి పరుగెత్తాడు. వీధి మొగలో జడల మనిషి మెరుపులా మాయమవడం కళ్ళారా చూశాడు. వీధికి రెండు కొసలా భటులు నిలబడ్డారు. ఇక ఎక్కడికి పోతాడు?

అప్పుడు మొదటి ఇంట్లో పసివాడు ఏడ్చాడు. రెండో ఇంట్లోనూ ఏడ్చాడు. ఎదురింట్లో, పక్కింట్లో, వీధి పొడవునా ప్రతి గోడ వెనకాలా అదే ఏడుపు! భటుల ముఖాలు పాలిపోయాయి. చెన్నుడు చెవులు మూసుకున్నాడు.

"తలుపులు పగలగొట్టిద్దామా అయ్యా? పొద్దు బురుజు తాకింది. అక్కడ మీ అమ్మగారు..."

భటులు గొడ్డళ్ళెత్తారు. మూసిన తలుపుల వెనక ఒక్క మనిషీ పలకడం లేదు. మల్లసేనుడు ఆ తలుపుల వైపు చూశాడు. అన్నీ పగలగొడుతూ పోతే చీకటి పడుతుంది. నిజమైన ఏడుపు ఎక్కడిదో ఆ తలుపుల వెనకవాళ్ళకు తెలుసు. గొడ్డలికి భయపడి నోరు విప్పరు. కాలు తగిలి దొర్లిన చెంబు కళ్ళ ముందు మెదిలింది. 'ఆ ఏడుపు నీ వెంటే లోపలికొచ్చింది' అన్న మాట ఈసారి గుండెలో గుచ్చుకుంది.

"దించండి గొడ్డళ్ళు" అన్నాడు.

మొదటి ఇంటి గడప అవతల నిలబడి రెండు చేతులూ చాపాడు. "అమ్మా, నేను కొత్వాలును. సోదాకి వచ్చాను. ముందు నన్ను సోదా చెయ్యండి."

చివరికి తలుపు ఓరగా తెరుచుకుంది. అక్కలమ్మ అనే నడివయసు సాలెసాని, చేతిలో చెంబుతో బయటికొచ్చింది. అతని ముఖంలోకి అనుమానంగా చూసింది.

"తలపాగా కూడానా?"

"తలపాగా కూడా. మీరే విప్పండి."

అక్కలమ్మ పట్టుబట్ట చుట్లు విప్పసాగింది. ఎదురిళ్ళ తలుపులు ఒక్కొక్కటే సందు ఇచ్చాయి. చివరి చుట్టులోంచి చిన్న మువ్వ ఒకటి జారి గడప రాతిమీద ఖణేలుమంది. బంగారు మువ్వ! దాని వెనకే, చిటికెన వేలంత పసుపు బల్లి తపుక్కున పడింది. పడి, తలెత్తి, మల్లసేనుడి గొంతుతోనే పలికింది:

"ఏ తప్పూ చెయ్యనివాళ్ళకు భయమెందుకు?"

ఆ వెంటనే కెవ్వుమని పసివాడిలా ఏడ్చింది.

అమ్మ ఇంట్లో నగ దాగి లేదు. తలపాగాలో మోసుకుపోయి, బానలో తల దూర్చి, తనే పడేశాడు. ఏడుపునూ తనే మోసుకుపోయాడు. తన ప్రతి కదలికా మాంత్రికుడికి చేరవేసిందీ నెత్తిమీది ఈ బల్లే. ఒక్క చెంబెడు నీళ్ళకు ఆగి ఉంటే అన్నీ గడప అవతలే రాలిపడేవి! అతని కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. వాటిని తుడుచుకోవాలని కూడా తోచలేదు.

అక్కలమ్మ చటుక్కున చెంబులో నీళ్ళు అతని చేతుల మీద పోసేసి, ఖాళీ చెంబు బల్లిమీద బోర్లించింది. తరువాత నోరు విప్పకుండా చేతులాడించింది. బల్లుల పుణ్యమా అని ఊరంతా నేర్చుకున్న సైగలవి. మోకాళ్ళ దాకా జడలు, చంకలో బిడ్డ, వీధి చివర అద్దకాల కొట్టం. ఎదురింటి ఆమె అవునని తలూపింది. ఆ పక్కింటి ముసలాయన వేళ్ళు నేలవైపు చూపించి మునిగినట్టు అభినయించాడు. నీలిమందు తొట్టెల వెనకాల ఉన్నాడన్నమాట. వీధి పొడవునా తలుపులు తెరుచుకుని, ఒక్క మాట లేకుండా వందల చేతులు అటే చూపించాయి.

మల్లసేనుడు ముక్కు ఎగబీల్చి, గోడలన్నీ వినేలా గొంతెత్తి అరిచాడు. "ఇక్కడ ఎవడూ లేడురా! దక్షిణద్వారానికి పరుగెత్తండి!" భటులు కాళ్ళు దడదడలాడిస్తూ వీధి చివరి దాకా పోయి, చెప్పులు విప్పుకుని పిల్లుల్లా వెనక్కి వచ్చారు.

అక్కలమ్మ మువ్వను కొంగున ముడివేసింది. చెంబు కిందికి తాటాకు తోసి బల్లితో సహా ఎత్తి చంకన పెట్టుకుంది. కందకం వైపు చూపి, తన గుండెమీద చేయి వేసుకుంది. సోదా చేసింది తను, మొదటి సాక్షి తను. చెన్నుడు ఆమె కోసం గుర్రం తెచ్చేసరికే ఆమె చీర కుచ్చెళ్ళు ఎగదోపి పరుగెత్తుతోంది. కోటవైపు నుంచి బాకాల మోత మొదలైంది. అమ్మను కందకం గట్టు ఎక్కిస్తున్నారు.

అక్కడికి పరుగెత్తాలని మల్లసేనుడి కాళ్ళు లాగాయి. కాని బిడ్డ ఇక్కడ ఉన్నాడు. అద్దకాల కొట్టం ముందుకు వచ్చి ఆగాడు. గడపలో అద్దకాల ముసలాయన చేతుల్లో చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. 'వద్దులే, వెళ్ళు బాబూ' అన్నట్టు పక్కకు తప్పుకున్నాడు కూడా. లోపల నిజమైన పసివాడి ఏడుపు, ఎవరో నోరు మూసినట్టు సగంలో తెగింది. బాకాలు రెండోసారి మోగాయి.

మల్లసేనుడు బోసితలతో గడప అవతలే నిలబడి చేతులు చాపాడు. ముసలాయన నీళ్ళు పోశాడు. తడిచేతులతో బాకు తీసుకుని మల్లసేనుడు ఆ చీకట్లోకి అడుగుపెట్టేసరికి, నీలిమందు తొట్టెల వెనక నుంచి రెప్పవేయని కళ్ళు రెండు అతని తలకేసి చూశాయి. తలపాగా లేని ఆ తలను చూసి మొదటిసారిగా ఆ కళ్ళు బెదిరాయి.